సెకనుకి 30 సార్లు ఆరి వెలిగే నక్షత్రం: అందరూ చూశారు, ఎవరూ గమనించలేదు

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. మీ ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ గానీ, చవకరకం ఎల్ఈడీ బల్బు గానీ ఉంటే, ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి దాన్ని ఒక్కసారి వీడియో తీయండి. కంటికి నిలకడగా కనిపించిన లైటు వీడియోలో టపటపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. మన ఇళ్ళలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి, ఆ వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంటుంది. మన కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు. అన్నీ కలిపేసి, "లైటు వెలుగుతోంది" అని మనకి చెప్పేస్తుంది.

ఆకాశంలో కూడా ఇలాంటి లైటు ఒకటి ఉంది. సెకనుకి 30 సార్లు వెలిగి ఆరుతుంది. 1969 కంటే ముందు దశాబ్దాల పాటు పెద్ద పెద్ద టెలిస్కోపుల్లో దాన్ని చూశారు. ఫోటోలు తీశారు. దాని వెలుగుని విడగొట్టి పరీక్షించారు కూడా. కానీ అది ఆరి వెలుగుతోందని మాత్రం తేల్చలేకపోయారు. ఈరోజు కథ ఆ నక్షత్రం గురించే. దాన్ని పట్టుకున్న ఇద్దరు కొత్తవాళ్ళ గురించి, పట్టుకుని కూడా వదిలేసుకున్న కొంతమంది గురించి కూడా.

కథ 1054లో మొదలవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే నన్నయ కాలం. ఆ ఏడాది జులై 4న చైనాలో ఆస్థాన జ్యోతిష్కులు వృషభ రాశి వైపు ఒక "అతిథి నక్షత్రం" వచ్చిందని రాసిపెట్టారు. 23 రోజుల పాటు పట్టపగలు కూడా కనిపించింది. రాత్రిపూట అయితే దాదాపు రెండేళ్ళు కనిపించి మాయమైంది. అది ఒక పెద్ద నక్షత్రం పేలిపోవడం. దాన్నే ఇప్పుడు సూపర్‌నోవా అంటున్నాం.

తర్వాత 1731లో ఇంగ్లండ్‌లో జాన్ బెవిస్ అనే ఆయన అదే చోట ఒక మసక మబ్బులాంటిది చూశాడు. 1758లో ఫ్రాన్స్‌లో చార్లెస్ మెసియే తోకచుక్కల కోసం వెతుకుతూ దాన్నే చూసి, "ఇది తోకచుక్క కాదు, మోసపోకండి" అని ఒక లిస్టు మొదలుపెట్టి అందులో మొదటి నంబర్ దీనికే ఇచ్చాడు. ఎమ్1 అంటే అదే. 1840ల్లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ గీసిన బొమ్మ పీతలా ఉందని దానికి క్రాబ్ నెబ్యులా అనే పేరు పడింది. మన దగ్గర నుంచి సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరం.

ఇప్పుడు 1930ల్లోకి వద్దాం. 1932లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టాడు. రెండేళ్ళు తిరక్కుండానే వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్విక్కీ అనే ఇద్దరు ఒక సాహసం చేశారు. సూపర్‌నోవా అంటే మామూలు నక్షత్రం కూలిపోయి, పూర్తిగా న్యూట్రాన్లతో నిండిన చిన్న ముద్దగా మారిపోవడం అయ్యుండొచ్చని 1934లో రాశారు. చిన్న ముద్ద అంటే ఎంత? సూర్యుడి కంటే ఎక్కువ బరువున్న పదార్థం, కేవలం 20 కిలోమీటర్ల వెడల్పున్న బంతిలో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ లోపల హాయిగా పట్టేస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ అంత చిన్నదాన్ని అంత దూరంలో ఎవరు చూస్తారు? చూడటం కుదరదులే అని చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు.

బాడే మాత్రం పూర్తిగా వదల్లేదు. క్రాబ్ నెబ్యులా నడిమధ్యలో రెండు చిన్న నక్షత్రాలు పక్కపక్కనే ఉంటాయి. పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన ముద్ద వాటిలో నైరుతి వైపు ఉన్నదే అయ్యుండాలని 1942లో బాడే ఊహించాడు. రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ దాని వెలుగుని విడగొట్టి చూశాడు. మామూలు నక్షత్రం అయితే ఆ రంగుల పట్టీలో నల్లటి గీతలు ఉంటాయి. దీనికి ఒక్క గీత కూడా లేదు. ఏదో తేడాగా ఉంది. కానీ అది ఏమిటో చెప్పే ఆధారం అప్పట్లో లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వాళ్ళ ముందు ఉన్నది సరిగ్గా ఆ నక్షత్రమే. చేతిలో ఉన్నది అప్పట్లో ప్రపంచంలోకెల్లా గొప్ప టెలిస్కోపు. మరి ఎందుకు కనిపెట్టలేకపోయారు? ఎందుకంటే ఫోటో అంటేనే ఎక్కువసేపు వెలుగుని పోగుచేయడం. గంటసేపు ప్లేటు తెరిచి ఉంచితే ఆ గంటలో ఈ నక్షత్రం లక్షకు పైగా చుట్లు తిరిగేస్తుంది. అన్ని వెలుగులూ, అన్ని చీకట్లూ ఒకే చుక్కగా కలిసిపోతాయి. చూడ్డానికి బుద్ధిగా, నిలకడగా ఉన్న నక్షత్రం.

ఇంకో కథ ఉంది. ఇది పల్సార్లని కనిపెట్టిన జోసెలిన్ బెల్ తర్వాతి కాలంలో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. 1950ల చివర్లో చికాగో యూనివర్సిటీ టెలిస్కోపు దగ్గరికి మామూలు జనాన్ని కూడా రానిచ్చేవాళ్ళు. అలా వచ్చిన ఒకావిడ క్రాబ్ నెబ్యులా మధ్యలో ఉన్న నక్షత్రాన్ని చూసి, "ఇది కొట్టుకుంటోంది" అంది. అక్కడున్న శాస్త్రవేత్త, నక్షత్రాలన్నీ మిణుకుమంటాయి కదమ్మా అన్నాడు. ఆవిడ పైలట్. మిణుకుమనడం అంటే ఏమిటో నాకు తెలుసు, ఇది అది కాదు అని గట్టిగా చెప్పింది. ఆయన పట్టించుకోలేదు. కథ అక్కడితో అయిపోయింది. సెకనుకి 30 సార్లు అంటే చాలామంది కళ్ళకి అందనంత వేగం, కానీ కొందరి కళ్ళకి అందుతుంది. ఆవిడ పేరు కూడా చరిత్రలో మిగల్లేదు.

సరే, 1967కి వద్దాం. కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ పీహెచ్‌డీ స్టూడెంట్. ఆవిడ గైడ్ ఆంటొనీ హ్యూయిష్. వాళ్ళ రేడియో టెలిస్కోపు గీసే కాగితాల మీద ఒక చిన్న గీర లాంటి గుర్తు ఆవిడ కంట్లో పడింది. వేగంగా రికార్డ్ చేస్తే తేలిందేమిటంటే, సరిగ్గా 1.337 సెకన్లకి ఒకసారి టిక్, టిక్, టిక్. అది మొదటి పల్సార్. 1968 ఫిబ్రవరిలో ఆ వార్త బయటికొచ్చింది. ఇక ప్రపంచం మొత్తం అదే గొడవ. అది ఏమిటి? న్యూట్రాన్ నక్షత్రమా, లేక తెల్ల మరుగుజ్జు నక్షత్రమా? తిరుగుతోందా, లేక ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గుతోందా?

ఆ ఏడాది చివర్లో వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్‌లో డేవిడ్ స్టెలిన్, ఎడ్వర్డ్ రైఫెన్‌స్టైన్ క్రాబ్ నెబ్యులా వైపు నుంచి రేడియో పల్సులు పట్టుకున్నారు. పోర్టోరికోలోని ఆరెసిబో టెలిస్కోపు దాని వేగం తేల్చింది. 33 మిల్లీసెకన్లకి ఒకసారి. అంటే నిమిషానికి దాదాపు 1,800 చుట్లు. మన సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో నిమిషానికి మూడొందల యాభై చుట్లు తిరుగుతుందేమో. దానికి ఐదు రెట్లు. తేడా ఏమిటంటే, తిరిగేది ఒక ఊరంత వస్తువు, సూర్యుడి కంటే బరువు.

ఈ ఒక్క నంబర్‌తోనే తెల్ల మరుగుజ్జు ఔట్. ఎలాగో చిన్న లెక్క చేద్దాం. తెల్ల మరుగుజ్జు దాదాపు భూమంత ఉంటుంది, అంటే సుమారు 6,400 కిలోమీటర్ల వ్యాసార్థం. అది సెకనుకి 30 చుట్లు తిరగాలంటే దాని అంచు సెకనుకి 12 లక్షల కిలోమీటర్ల వేగంతో పోవాలి. వెలుగు వేగమే సెకనుకి 3 లక్షలు. కుదరదు. నిజానికి అంతకంటే చాలా ముందే అది ముక్కలైపోతుంది. 10 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న న్యూట్రాన్ నక్షత్రం అయితే అంచు వేగం సెకనుకి 1,900 కిలోమీటర్లు. అది తట్టుకుంటుంది.

ఇప్పటివరకు ఇదంతా రేడియో. అప్పటి రేడియో టెలిస్కోపులతో పల్సు ఏ నక్షత్రం నుంచి వస్తోందో కచ్చితంగా వేలు పెట్టి చూపించడం కష్టం. "ఇదిగో, ఆ చుక్కే" అనాలంటే కంటికి కనిపించే వెలుగులోనే పల్సు దొరకాలి. 1968 అంతా చాలామంది వేరే పల్సార్ల దగ్గర వెతికారు. ఏమీ దొరకలేదు.

ఇక్కడికి మన హీరోలు వస్తారు. అరిజోనా యూనివర్సిటీ స్టివార్డ్ అబ్జర్వేటరీలో జాన్ కాక్, మైకేల్ డిస్నీ. ఇద్దరూ థియరీ మనుషులు. బోర్డు మీద లెక్కలు చేసుకునేవాళ్ళు. టెలిస్కోపు వాడిన అనుభవం లేదు, నేర్చుకుందామని దిగారు. ఎలక్ట్రానిక్స్ అంతా డాన్ టేలర్ చూసుకున్నాడు. కిట్ పీక్ కొండ మీద 36 అంగుళాల టెలిస్కోపు వాళ్ళకి దొరికింది. అప్పటికే 200 అంగుళాలది పనిచేస్తున్న రోజులవి. అంటే ఇది చిన్నదే.

మరి చిన్న టెలిస్కోపుతో ఎలా? ఇక్కడ నాలాంటి కోడ్ రాసేవాళ్ళకి భలే నచ్చే ట్రిక్ ఉంది. ఒక్క పల్సులో వచ్చే వెలుగు చాలా తక్కువ, చుట్టూ నెబ్యులా వెలుగు రొద ఎక్కువ. కాబట్టి 33 మిల్లీసెకన్ల కాలాన్ని వరసగా చిన్న చిన్న డబ్బాలుగా విడగొట్టారు అనుకోండి. వెలుగు వచ్చిన ప్రతిసారీ, ఈ చుట్టులో ఇది ఎన్నో క్షణం అని చూసి ఆ డబ్బాలో ఒకటి కలుపుతారు. చుట్టు పూర్తవగానే మళ్ళీ మొదటి డబ్బా నుంచి. మన భాషలో టైమ్ మాడ్యులో పీరియడ్, అంతే. రొద అన్ని డబ్బాల్లో సమానంగా పడుతుంది. పల్సు మాత్రం ప్రతిసారీ అదే డబ్బాలో పడుతుంది. వేల చుట్లు కలిపితే ఆ ఒక్క చోట గుట్ట లేస్తుంది.

కానీ పీరియడ్ కరెక్టుగా తెలియాలి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కాబట్టి మనకి అందే పల్సుల మధ్య దూరం పదివేలలో ఒక వంతు దాకా మారుతుంది. అది చిన్నదే కదా అనిపిస్తుంది. లెక్కేయండి. పదివేల చుట్లు తిరిగేసరికి తప్పు ఒక పూర్తి చుట్టంత అవుతుంది. పదివేల చుట్లు అంటే ఐదున్నర నిమిషాలు. ఆ కాసేపట్లో గుట్ట మొత్తం చదునైపోతుంది.

వాళ్ళకి మొదట్లో జరిగింది అదే. ఆ జనవరిలో మొదటి రాత్రుళ్ళు ఏమీ రాలేదు. స్క్రీన్ మీద చదునైన గీత. తర్వాత కాక్ తన లెక్కలోనే ఒక తప్పు ఉందని గుర్తించాడు. కేటాయించిన టైమ్ అయిపోయినా, అదృష్టం కొద్దీ టెలిస్కోపు ఇంకొన్ని రాత్రుళ్ళు దొరికింది. ఈసారి సరైన నంబర్ పెట్టారు. టేలర్ ఆ రాత్రి కొండ మీద లేడు. పరికరాల దగ్గర రాబర్ట్ మెక్‌కాలిస్టర్ ఉన్నాడు. ఏ పరిశీలన ఎప్పుడు మొదలైందో గొంతుతో నోట్ చేసుకోవడానికి ఒక టేప్ రికార్డర్ ఆన్‌లో ఉంది. దాన్ని ఆపడం మర్చిపోయారు.

అందుకే 1969 జనవరి రెండో వారం దాటాక, 15వ తేదీ రాత్రి, ఆ గదిలో ఏం జరిగిందో మనం ఈరోజు కూడా వినగలం. డిస్నీ స్క్రీన్ మీద ఏదో పైకి లేస్తోందని గమనిస్తాడు. గొంతు మారిపోతుంది. మామూలుగా పెద్దమనుషుల ముందు మాట్లాడని మాట కూడా ఒకటి దొర్లుతుంది. కాక్‌కి నమ్మకం కుదరదు. ఇది నిజంగా అదేనా, కాకపోవచ్చేమో అంటూ తటపటాయిస్తాడు. గుట్ట పెరుగుతూనే ఉంటుంది. కాసేపటికి దాని పక్కన ఇంకో చిన్న గుట్ట కూడా లేస్తుంది. ఎందుకంటే ఈ పల్సార్ ప్రతి చుట్టులో రెండుసార్లు వెలుగుతుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఇక్కడ వాళ్ళు చేసిన మంచి పని ఏమిటంటే, వెంటనే ఊరంతా చాటించలేదు. టెలిస్కోపుని ఆ చోటు నుంచి పక్కకి జరిపి చూశారు. గుట్ట రాలేదు. మళ్ళీ వెనక్కి తెచ్చారు. వచ్చింది. అప్పుడు నమ్మారు. కొద్ది రోజుల్లోనే టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ, కిట్ పీక్‌లోనే ఇంకో బృందం కూడా అదే చూశాయి. పల్సులు వచ్చేది ఏ చుక్క నుంచి? బాడే 1942లో చూపించిన ఆ నైరుతి చుక్క నుంచే.

తర్వాత లిక్ అబ్జర్వేటరీలో జోసెఫ్ మిల్లర్, జోసెఫ్ వాంప్లర్ ఇంకో అడుగు వేశారు. 120 అంగుళాల టెలిస్కోపుకి టీవీ కెమెరా తగిలించి, ముందు పల్సార్ వేగానికి దగ్గరగా తిరిగే చీలికల చక్రం పెట్టారు. మన స్లో మోషన్ ట్రిక్ లాంటిదే. ఒక ఫోటోలో నక్షత్రం ఉంది. పక్క ఫోటోలో లేదు. మిగతా నక్షత్రాలన్నీ అలాగే ఉన్నాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

దీని వల్ల ఒరిగిందేమిటి అంటారా? మూడు ముక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. 1054లో పేలుడు, బాడే, జ్విక్కీల 1934 ఊహ, 1967 పల్సార్. ఇంకా పెద్ద చిక్కుముడి ఒకటి విడిపోయింది. క్రాబ్ నెబ్యులా మొత్తం కలిపి సూర్యుడి కంటే సుమారు లక్ష రెట్లు శక్తి వెదజల్లుతోంది. పేలి తొమ్మిది వందల ఏళ్ళైనా ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేది కాదు. పల్సార్లు ప్రపంచానికి తెలియక ముందే, 1967లో ఫ్రాంకో పచీనీ అనే శాస్త్రవేత్త, మధ్యలో తిరుగుతున్న అయస్కాంత న్యూట్రాన్ నక్షత్రం ఉంటే సరిపోతుందని రాశాడు. కొలిస్తే ఈ పల్సార్ రోజుకి 36 నానోసెకన్ల చొప్పున నెమ్మదిస్తోంది. అలా నెమ్మదించడంలో పోతున్న శక్తి ఎంతో లెక్కేస్తే, నెబ్యులాకి కావాల్సిన శక్తికి సరిపోయింది.

ఇంకో డౌట్ మీకు వచ్చే ఉంటుంది. 20 కిలోమీటర్ల బంతి 6,500 కాంతి సంవత్సరాల దూరంలో అసలు ఎలా కనిపిస్తోంది? నిజమే, దాని ఒంటి వేడికి వచ్చే వెలుగు అయితే కనిపించదు. ఇది వేరే వెలుగు. దాని చుట్టూ ఉన్న భయంకరమైన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు దాదాపు వెలుగు వేగంతో మెలికలు తిరుగుతూ వెదజల్లే కాంతి. లైట్‌హౌస్ దీపంలా అది తిరిగి మన వైపు వచ్చినప్పుడల్లా ఒక మెరుపు. అందుకే మింకోవ్‌స్కీకి ఆ పట్టీలో గీతలు కనిపించలేదు.

ఒంటి వేడి వెలుగు చూడాలంటే దగ్గరగా ఉన్న న్యూట్రాన్ నక్షత్రం కావాలి. సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో అలాంటిది ఒకటి 1996లో ఎక్స్-రేలలో బయటపడింది. దాని మామూలు వెలుగు పట్టుకోవడానికి హబుల్ టెలిస్కోపు కావాల్సొచ్చింది. అంత మసక. వేలా పల్సార్ సంగతీ అంతే. క్రాబ్ కంటే చాలా దగ్గర, సుమారు వెయ్యి కాంతి సంవత్సరాలు. కానీ క్రాబ్ కంటే వయసు పదింతలు, వేగం తగ్గిపోయింది. 1977లో ఆస్ట్రేలియాలో దాని వెలుగు పల్సు దొరికేసరికి అది క్రాబ్ కంటే వెయ్యి రెట్లు మసగ్గా ఉంది. ఈరోజు మూడు వేలకు పైగా పల్సార్లు తెలుసు. కంటికి కనిపించే కాంతిలో పల్సులు ఇచ్చేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకా పని అయిపోలేదు. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఈ క్రాబ్ పల్సార్ ఎక్స్-రేలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలిచింది. పల్సు లేని ఖాళీ సమయంలో కూడా ఆ దిశ మారుతోందని 2017లో మన శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ వెలుగు సరిగ్గా ఎక్కడ పుడుతోందనే ప్రశ్న ఇప్పటికీ నడుస్తోంది.

చివరగా ఒక మాట. కేంబ్రిడ్జ్‌లో రోడరిక్ విల్‌స్ట్రాప్ అనే ఆయన 1968 నవంబర్‌లోనే, అంటే కాక్, డిస్నీల కంటే రెండు నెలల ముందే, క్రాబ్ వెలుగుని వేగంగా రికార్డ్ చేశాడు. పల్సు అందులో ఉంది. కానీ డేటాని విశ్లేషించింది వీళ్ళ వార్త వచ్చాకే. డేటా ఉండటం వేరు, దాన్ని సరైన ప్రశ్నతో తెరవడం వేరు.

ఇది చదువుతున్నప్పుడు నాకు నా ఉద్యోగం రోజులు గుర్తొచ్చాయి. ఒక చిన్న షాపాయన మా యాప్ మధ్యమధ్యలో బిగుసుకుపోతోందని మూడుసార్లు కంప్లైంట్ పెట్టాడు. నేను డాష్‌బోర్డ్ చూశాను. గ్రాఫ్ నున్నగా ఉంది. "మీ నెట్‌వర్క్ ప్రాబ్లమ్ సార్" అని రాసి టికెట్ మూసేశాను. నెలల తర్వాత తెలిసింది, ఆ గ్రాఫ్ నిమిషానికి ఒక సగటు మాత్రమే చూపిస్తోందని. సెకన్ల లెక్కన విప్పితే, ప్రతి అర నిమిషానికి ఒక పెద్ద స్పైక్. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చికాగోలో ఆ పైలట్‌కి "మిణుకుమంటాయి కదమ్మా" అన్న మనిషిని నేను తిట్టుకోలేను. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను.

ఈ చలికాలం సాయంత్రం రోహిణి నక్షత్రం కనిపిస్తే, ఆ వృషభం కొమ్ము కొన వైపు ఒకసారి చూడండి. మామూలు కంటికి ఏమీ కనిపించదు. కానీ మీరు చూస్తున్న ఆ ఒక్క సెకనులో అక్కడ 30 చుట్లు అయిపోయి ఉంటాయి. ఎవరైనా మీతో "నాకు ఏదో తేడాగా కనిపిస్తోంది" అంటే, కొట్టిపారేసే ముందు ఒక్కసారి స్లో మోషన్‌లో చూడండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.